బెల్లపు ఊట

శుక్రవారం పొద్దున్నే తోట గేటు దగ్గర నేను వ్యాను దిగగానే మా ఆయన చెయ్యాల్సిన మొదటి పని, నా మొహమ్మీద ఊదడం. సంచి కింద పెట్టకముందే, "ఎలా ఉన్నావు" అని అడక్కముందే, "ఊదు" అనేదాన్ని. వంగి "హా" అని ఊదేవాడు. కిరసనాయిలు, ఉల్లిపాయ, సిగరెట్టు. అంతే. అప్పుడు సంచి అందించేదాన్ని. గేటు దగ్గర పాకిస్తానీ కాపలావాడు ఇది చూసి ప్రతివారం పళ్ళికిలించేవాడు. ఇకిలిస్తే వాడి పళ్ళే బయటపడతాయి, నాకేంటి?

నాకు అనుమానం జాస్తి అంటారు మావాళ్ళు. ఉండదా మరి? గోదారి లంకల్లో పుట్టినదాన్ని. ఇసకలో పాతిపెట్టిన బెల్లపు ఊట కుండల వాసన పీలుస్తూ పెరిగినదాన్ని. ఆ ఊట కాచి తీసిన సారాకే మా నాన్న పోయాడు. మా ఆయన బుల్లిరాజు కూడా పెళ్ళైన కొత్తలో ఆ దారే పట్టి, ఆనక అంతర్వేది నరసింహస్వామి ముందు కొబ్బరికాయ కొట్టి మానేశాడు. మానేశాడండీ, కాదన్ను. కానీ తాగేవాడి పెళ్ళానికైనా ఓ రాత్రి నిద్రపడుతుంది గానీ మానేసినవాడి పెళ్ళానికి పట్టదు.

ఆయన్ని కువైట్ రప్పించింది నేనే. జహ్రాలో ఒక అరబ్బులింట్లో వంట చేసేదాన్ని. ఇంటావిణ్ణి మామా అనేవాళ్ళం, ఆవిడ భర్తని బాబా అనేవాళ్ళం. మాకు పూచీపడ్డ కఫీల్ ఆయనే, ఆ దేశంలో ఉండనిచ్చే మా ఇఖామా కాయితాలు ఆయన చేతిలోనే. సులైబియాలో వాళ్ళకో తోట ఉంది: కోళ్ళు, మేకలు, నాలుగు కాయగూరలు. తోటకి మనిషి కావాలంటే, "మా ఆయన ఇంజన్లు బాగుచేస్తాడు, వీసా ఇప్పించు మామా" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "తాగుతాడా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసింది ఆవిడ. నా నెత్తిమీద నేనే చెయ్యి పెట్టుకుని, "లా మామా, తాగడు" అన్నాను. ఆ మాట మీద వచ్చాడు ఆయన. ఆ దేశంలో సారా చుక్క దొరికితే జైలు, జైలు తర్వాత విమానం. మాట ఇచ్చింది నేను కాబట్టి ఆయనతోపాటు నేనూ ఖలాస్. అంచేత ఊదమనేదాన్ని.

ఇక ఎనభై మూడు వేసవి సంగతి చెబుతాను.

తోట చుట్టూ ఇసకగాలికి అడ్డంగా అథల్ చెట్లుండేవి. బాబా వాళ్ళ నాన్న నాటినవి. ఆ ఏడు బోరు అడుగంటి, వరసంతా నిలువునా ఎండిపోయింది. ఒక శుక్రవారం బాబా వచ్చి షెడ్డులోంచి ఒక ఇనప్పెట్టె బయటికి తీయించాడు. లోపల మోటారు రంపం. పెట్రోలు పోసి తాడు లాగితే, పళ్ళున్న గొలుసు పొడుగాటి పట్టీ చుట్టూ గిర్రున తిరిగి మానుని కోసేస్తుందిట. ముసలాయనకి ఎవరో ఆయిలు కంపెనీ దొర ఇచ్చి వెళ్ళాడట. ముసలాయన పోయాక దాని మొహం చూసినవాడు లేడు. గొలుసు, పట్టీ, పళ్ళచక్రం తుప్పుతో ఒకే ముద్దైపోయాయి. ముట్టుకుంటే వేలికి ఎర్రటి పొడి.

అమ్ఘరాలో పాత ఇనుము కొట్లకి లారీ తోలే జిలానీ బాషా అప్పుడక్కడే ఉన్నాడు. కడప మనిషి. మా ఆయనకి కొత్త స్నేహితుడు. నాకు మొదటిచూపులోనే నచ్చలేదు.

"దీంతో ఏం పని బాబా? నాకిచ్చేయండి, తూకానికేసి వస్తా" అన్నాడు. వాడికి అరబ్బీ బాగా వచ్చు.

బాబా ఆ గొలుసుని కదపబోయాడు. ఒక్క లింకూ కదల్లేదు. "మా నాన్న నాటిన చెట్లు. మా నాన్న రంపంతోనే పోవాలి" అన్నాడు.

మా ఆయన ముందుకొచ్చి రొమ్ముమీద చెయ్యేసుకున్నాడు. "అనా సవ్వీ, బాబా." నేను చేస్తాను అని. ఆయనకొచ్చిన అరబ్బీ అంతవరకే.

బాబా వెళ్ళాక పట్టుకున్నాను. "నిన్నెవరడిగారయ్యా? చెయ్యలేకపోతే పరువేం కాను?"

"గోదాట్లో మునిగి, ఎండాకాలం దాకా బురదలో ఉన్న లాంచీ ఇంజన్నే తిప్పాను. ఇదెంత? దీనికో మందుంది" అన్నాడు.

"ఏం మందు?"

"నీకెందుకే అయ్యన్నీ? పోయి టీ పెట్టు."

అప్పుడే మొదలైంది నాకు. మొగుడు ఏదన్నా "నీకెందుకు" అన్నాడంటే, అది తప్పకుండా నాకు కావాల్సిన సంగతే.

తర్వాతి వారం, "మామా స్టోరులో బూజుపట్టిన ఖర్జూరపాకం డబ్బాలుంటాయన్నావు కదా, అడిగి తెచ్చిపెట్టు" అన్నాడు.

"ఎందుకు?"

"మేకలకి."

"మేకలకి పాకం పోసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

"అరబ్బు మేకలే బాబూ, తీపి అలవాటు వాటికి" అని నవ్వేశాడు. నవ్వు కూడా సరిగా రాలేదు. తెచ్చి ఇచ్చాను, చూద్దాం ఏం చేస్తాడో అని. మేకల దాణాలో ఒక్క చుక్క కనబడితే ఒట్టు.

ఆ పై వారం ఆయన గది మూల ఖాళీ గోనెసంచి, సంచి నిండా చీమలు. దులిపితే బెల్లప్పొడి. కువైట్ సిటీకి పోయి, మన సరుకులమ్మే కొట్లో ఉన్న బెల్లమంతా మా ఆయనే మోసుకొచ్చాడని కాపలావాడు చెప్పాడు, పండగేమైనా ఉందా అని నన్నే అడిగాడు పైగా. కోళ్ళషెడ్డు వెనక పాత పంపుగదికి కొత్త తాళం పడింది. ఆయన లుంగీ ఉతుకుతుంటే పుల్లటి వాసన. ఆ వాసన నాకు కొత్తా ఏంటి? చేతిలో లుంగీ అలాగే ఉండిపోయింది.

"ఊదు" అన్నాను ఆ రోజు రెండోసారి.

ఊదాడు. యాలకుల వాసన.

"యాలకులెందుకు నమిలావు?"

"నమల్లేదే. బాబా చుట్టాలొస్తే గహ్వా పోశారు, తాగాను." అరబ్బు కాఫీలో యాలకులుంటాయి, ఆ సంగతి నాకు తెలుసు. కానీ మా నాన్న కూడా సారా తాగి ఇంటికొచ్చేటప్పుడు యాలకులే నమిలేవాడు. ఏది నమ్మాలి నేను?

మా ఇంట్లో పనిచేసే సిద్ధమ్మని ఆ తర్వాతి శుక్రవారం వెంటబెట్టుకెళ్ళాను. రాయచోటి పక్క మనిషి. పిరికిదే గానీ కళ్ళూ ముక్కూ చురుకు. మేం వెళ్ళేసరికి మా ఆయన జిలానీ బాషా లారీలో అమ్ఘరా పోయాడు. వంకెకి తగిలించిన చొక్కా జేబులో తాళంచెవి దొరికింది.

పంపుగది తలుపు తీయగానే గుప్పుమంది. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, పైన తడి గోనెపట్టా. పట్టా ఎత్తితే లోపల నల్లటి నీళ్ళు, పైన నురగ. బుడగలు లేస్తున్నాయి, పగులుతున్నాయి. ఈగలు ముసిరాయి.

సిద్ధమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "యేందక్కా ఇది! సారా ఊటే కదా! మా పక్క దీంట్లో తుమ్మచెక్క యేస్తారు. మీ ఆయనకి ఈడ తుమ్మచెక్క యాడ దొరికింది?"

నెత్తిమీద చెయ్యి పెట్టుకుని మామాకి చెప్పిన మాట చెవుల్లో గింగుర్లెత్తింది. కర్ర పెట్టి కలిపి చూద్దామనుకున్నంతలో గేటు దగ్గర లారీ హారను. పట్టా కప్పి, తాళమేసి, చెవి చొక్కా జేబులో పడేసి ఏమెరగనట్టు పొయ్యి దగ్గర కూచున్నాం.

జిలానీ బాషా చంకలో గుడ్డమూట పెట్టుకుని దిగాడు. "ఏం వదినా, బాగుండావా?" అంటూనే మూట వీపు వెనక్కి నెట్టాడు. మా ఆయన వాడి చెవిలో అన్నది నాకు స్పష్టంగా వినబడింది: "దానికి చూపించకు."

అడిగెయ్యొచ్చు కదా అంటారు మీరు. అడిగితే ఒట్టేస్తాడు. ఒట్టేస్తే నమ్మాలి. నమ్మాక నిజం బయటపడితే నేను రెండుసార్లు చావాలి. అందుకే నోరు కుట్టేసుకున్నాను. ఆ వారమంతా మామా ఇంట్లో కూరల్లో ఉప్పు తప్పింది. సిద్ధమ్మ నా చుట్టూ తిరిగింది.

"అక్కా, పోలీసులకి తెలిస్తే నిన్నూ నన్నూ అందర్నీ తీసకపోతారు. నేనూ చూసినాను కదా? మామాతో నువ్వన్నా చెప్పు, ల్యాకుంటే..."

"ల్యాకుంటే?"

"ఏం లేదులేక్కా."

ఆ "ఏం లేదు" నాకు నచ్చలేదు. ఈ సంగతి బాబా చెవికి ఎవరు మోశారో ఈనాటికీ తెలీదు. సిద్ధమ్మ బిడ్డల మీద ఒట్టేసింది, నేను కాదని. ఆ ఒట్టు నేను నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

ఎందుకంటే ఆ శుక్రవారం నమాజు అయ్యాక బాబా కారు తోటలోకొచ్చింది. పక్కన మామా తమ్ముడు. పోలీసుల్లో ఆఫీసరు ఆయన. ఇద్దరూ దిగి చెట్లకేసి చూళ్ళేదు, రంపం ఊసెత్తలేదు. తిన్నగా పంపుగదికి నడిచారు. మోసినవాళ్ళు గది గుర్తులతో సహా మోశారన్నమాట. నేను గరిటె పొయ్యి దగ్గరే పడేసి వెనకాల పరిగెత్తాను.

"తాళం తియ్యి" అన్నాడు బాబా.

మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తర్వాత తీశాడు. ఎండకి ఉడికిన గదిలోంచి ఆ వాసన బయటికొచ్చి మొహాన కొట్టింది. ఆఫీసరు తలగుడ్డ కొంగుతో ముక్కు మూసుకుని డ్రమ్ములోకి తొంగిచూశాడు.

"ఏమిటిది?"

మా ఆయనకి చెమటలు. "హదీద్" అన్నాడు. ఇనుము అని. "హదీద్... సుకర్... మాయి..." ఇనుము, పంచదార, నీళ్ళు. పాపం ఆయనకి వచ్చిన మాటలు అవే.

"సుకర్! విన్నావా?" అన్నాడు ఆఫీసరు బాబాతో. చెయ్యి నడుము దగ్గరికి పోయింది.

బాబా నావైపు తిరిగాడు. ఆయన పిల్లలు నా చేతి ముద్దలు తిని పెరిగారు. "రత్నా, నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే నమ్ముతాను. ఇదేమిటి?"

నాకు తెలీదు బాబా అనొచ్చు. అది నిజం కూడా. తెలీదంటే నేను ఒడ్డున పడేదాన్ని, ఆయన ఆ కారులో పోయేవాడు. డ్రమ్ము మీద ఈగలు తిరుగుతున్నాయి. మా ఆయన నాకేసి చూడ్డంలేదు.

"అది నాది బాబా" అన్నాను. "ఖల్. ఆచారు పెడదామని నేనే ఊరేశాను."

ఖల్ అంటే వెనిగరు, ఆచారంటే ఊరగాయ. వెనిగరు వాళ్ళిళ్ళల్లో ఖర్జూరంతో చేసుకుంటారు, తప్పు లేదు దాంట్లో.

అప్పుడు చూశాడు మా ఆయన నావైపు. బతికించావు అన్నట్టు చూస్తాడనుకున్నాను. అలా చూళ్ళేదు. నేను చెంపమీద కొట్టినట్టు చూశాడు. "లా, బాబా. ఖల్ కాదు" అని చొక్కా చెయ్యి పైకి లాగి, ఆ నురగలోకి మోచెయ్యి దాకా ముంచాడు. లోపల్నించి ఒక తీగె పట్టుకుని పైకి లాగాడు.

తీగె చివర గొలుసు వేలాడుతోంది. లుంగీ అంచుతో తుడిచాడు. ఎరుపన్నది లేదు. బూడిదరంగు ఇనుము, ఒక్కొక్క పన్నూ విడిగా. వేలుమీద వేసి వంచితే లింకులన్నీ గలగలమని వంగాయి. మళ్ళీ ముంచి పట్టీ తీశాడు, పళ్ళచక్రం తీశాడు, బోల్టులు తీశాడు. ఒక్కొక్కటే బాబా కాళ్ళ దగ్గర గోనెపట్టా మీద పేర్చాడు. బెల్లపు నీళ్ళలో వారాలకి వారాలు నానితే తుప్పు దానంతటదే వదిలేస్తుంది. అదీ మందు.

ఆఫీసరు ముందు గొలుసుని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. పకపకా నవ్వాడు. "అరే, సొంత పెళ్ళామే సారా అనుకుందయ్యా!"

బాబా నవ్వలేదు. "మా ఇంట్లో చేరాక నువ్వు నాతో అబద్ధమాడ్డం నేను పట్టుకున్నది ఇదే మొదలు" అన్నాడు నాతో. పట్టుకున్నది! అంటే పట్టుకోనివి ఇంకా ఉన్నాయనేగా? ఆయనా నాలాంటివాడే మరి. "రంపం కోసమైతే రంపం తిరగాలి. వచ్చే శుక్రవారం వస్తాను. తిరిగిందా, సరే. తిరగలేదా, ఈ డ్రమ్ము దేనికో నేను మళ్ళీ అడగను. ఇద్దరూ సామాను సర్దుకోండి. అప్పటిదాకా నువ్వూ ఇక్కడే ఉండు. వంటకి రానక్కర్లేదు."

ఆ ఆఖరి మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ వారం మా ఆయన నాతో మాట్లాడలేదు. అరుగుమీద గోనెపట్టా పరిచి కూచునేవాడు, నేను ఎదురుగా. ఒక్కో ముక్క నా ముందుకు తోసేవాడు. బెల్లపు జిగురు పోయేదాకా కడగాలి, తీగెల బ్రష్షుతో మూలమూలలా తోమాలి, కిరసనాయిల్లో ముంచాలి, వెంటనే నూనె పట్టించాలి. తడి ఆరనిస్తే చూస్తుండగానే మళ్ళీ తుప్పు. ఇవన్నీ ఆయన చెప్పలేదు, చేసి చూపించేవాడు. నేను తోమింది ఎండలో పట్టుకుని తిప్పి చూసి, చాలకపోతే మళ్ళీ నా ముందుకే తోసేవాడు. ఆ తోసిన చప్పుడుకే నా మనసు చివుక్కుమనేది. తిట్టినా బాగుండును. జిలానీ బాషా గుడ్డమూట అప్పుడు విప్పారు: పాత మిషన్లలోంచి ఊడబీకిన ఒక ప్లగ్గు, ఒక పిస్టను రింగు, పళ్ళు పదును పెట్టడానికి ఒక గుండ్రటి ఆకురాయి.

అయినా మీ దగ్గర దాపరికమెందుకు, ఆయన స్నానానికి పోయినప్పుడల్లా కోళ్ళషెడ్డంతా వెతికాను. మేకల కొట్టం వెతికాను. మా లంకల్లో ఊట ఎప్పుడూ ఒకే కుండలో పెట్టరు. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే లేదని కాదు కదా అనుకున్నాను.

ఇంజన్లోకి పెట్రోలు వెళ్ళేచోట బిగించే తెల్లలోహపు మూత ఒకటి మిగిలింది. జిడ్డుపట్టి నల్లగా ఉంది. ఆయన దాన్ని ఊటలో వెయ్యలేదు, మర్చిపోయాడనుకున్నాను. నేనే మెరిపించి చేతికిస్తే మొహం కాస్త విప్పుతాడని, చింతపండు పిసికి గిన్నెలో పోసి, మూత అందులో నానేసి మేకలకి నీళ్ళు పెట్టడానికి పోయాను. తిరిగొచ్చేసరికి గిన్నె సలసలా పొంగుతోంది, కింద పొయ్యి లేదు, ఏం లేదు.

"ఒసేయ్ ఒసేయ్!" అని ఒక్క ఉరుకున వచ్చి గిన్నె తన్నేశాడు. "అది ఇత్తడి బిందె కాదే తల్లీ! పులుపు తగిలితే తినేస్తుంది దాన్ని!"

వారంలో ఆయన నాతో అన్న మొదటి మాట అది. మూత చేతిలోకి తీసుకుంటే అంచంతా గుంటలు గుంటలు. దాని కింద గాలి దూరితే ఇంజను అంటుకోదట, పెట్రోలు కారుతుందట. తెల్లారితే శుక్రవారం.

"నేను చంపేశాను దాన్ని" అన్నాను. నేలమీద కూలబడి, దాచుకోకుండా ఏడ్చాను. "నీ ప్రాణం తియ్యడానికే పుట్టాన్నేను."

ఆయన లోపలికెళ్ళి బట్టలసబ్బు, టీ పొడి వచ్చిన అట్టపెట్టె, కత్తెర తెచ్చాడు. సబ్బు తడిపి, మెత్తగా చేసి ఆ గుంటల్లో కూరాడు. మూత కింద పెట్టడానికి అట్టని దాని ఆకారానికి కత్తిరించమని నాకిచ్చాడు. "లారీలవాళ్ళు టాంకు కారితే సబ్బే పెడతారు. పెట్రోలుకి సబ్బు కరగదు" అన్నాడు, నాతోనో మూతతోనో. జాకెట్టు చేతికి అంచు కత్తిరించినట్టు జాగ్రత్తగా కత్తిరించాను. కొలతకి సరిగ్గా వచ్చింది.

బాబా వచ్చాడు. ఆఫీసరు వచ్చాడు. జిలానీ బాషా లారీ పక్కకి పెట్టి గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరుగుమీద రంపం. దాని గొలుసుకి నూనె మెరుస్తోంది.

మా ఆయన తాడు లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ లాగాడు. దగ్గినట్టు ఒక చప్పుడు, మళ్ళీ ఏమీ లేదు. లాగుతూనే ఉన్నాడు. చొక్కా వీపుకంటుకుపోయింది. ఆఫీసరు బాబా వైపు చూశాడు. బాబా కారు తాళంచెవులు వేలికి తిప్పుకుంటున్నాడు. నేను నరసింహస్వామికి మొక్కుకున్నాను, తల నీలాలిస్తానని.

మా ఆయన ప్లగ్గు విప్పాడు. తుడిచాడు, అగ్గిపుల్ల గీసి వెచ్చచేశాడు, మళ్ళీ బిగించాడు. మూత అంచున సబ్బుని బొటనవేలితో ఒకసారి అదిమాడు. కాలితో రంపాన్ని తొక్కిపట్టి తాడు లాగాడు.

భళ్ళున అంటుకుంది. నీలం పొగ, కోళ్ళ గోల, మేకలు తాళ్ళు తెంపుకోబోయాయి. గొలుసు కనబడనంత వేగంగా తిరుగుతోంది. జిలానీ బాషా "యా అల్లా" అని మా ఆయన వీపు చరిచాడు. బాబా చెయ్యి చాచి రంపం తీసుకున్నాడు. మొదటి చెట్టు తనే కోశాడు. పొట్టు ఆయన తెల్ల అంగీ నిండా పడింది. చెట్టు ఒరిగాక రంపం ఆపి, కోసిన మోడుమీద అరచెయ్యి ఆనించి, వాళ్ళ నాన్నకోసం ఏదో చదువుకున్నాడు.

వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగాడు. "పొద్దున్న వ్యాను పంపిస్తాను. పిల్లలు అన్నం సరిగా తినడంలేదు" అన్నాడు. అంతే.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన తొట్టి దగ్గర మిగిలిన సబ్బుముక్కతో చేతులు కడుక్కుంటున్నాడు. నీళ్ళు పోస్తూ అడిగాను.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"బెల్లం నానబెట్టానని చెబితే నమ్ముతావా? ఇంజనుకి మందంటే ఊరుకుంటావా? ముందు డ్రమ్ము తన్నేసి తర్వాత మాట్లాడేదానివి."

తన్నేసేదాన్నే. కాదనడానికి లేదు.

"నువ్వు నన్ను అనుమానించావని బాధ లేదు రత్నం. అది రోజూ ఉన్నదే" అన్నాడు. "కానీ 'అది నాది' అన్నావు చూడూ... తిట్టిపోసి పోలీసులకి పట్టించినా ఇంత నొచ్చుకునేవాణ్ణి కాదు. మళ్ళీ తాగుతున్నాడు, సరే, ఏం చేస్తాం అనేసుకున్నావు కదే. అంత తేలిగ్గా."

"తేలిగ్గానా? తాగుతున్నావనే అనుకున్నాను. అనుకునే అన్నాను. తాగినా సరే, నువ్వు ఆ కారెక్కి పోతే నేను చూళ్ళేను. అంతకన్నా నాకేం తెలీదు" అని చెంబు అక్కడే పెట్టి లోపలికొచ్చేశాను.

తర్వాతి శుక్రవారం వ్యాను దిగేసరికి గేటు దగ్గర నిలబడున్నాడు. తోట చుట్టూ చెట్లు లేవు, అవతల ఇసక కనబడుతోంది. నేను "ఊదు" అనలేదు. సంచి అందించాను.

సంచి అందుకోలేదు. "ఏం, అడగవా?"

"అక్కర్లేదులే ఇంక."

"అడుగు."

"సిగ్గులేదూ, వాడు చూస్తున్నాడు అక్కడ. నమ్మాను, పద."

"నమ్మి మానేశావో, నామీద ఆశ వదిలేసుకుని మానేశావో నాకెలా తెలుస్తుందే?" అన్నాడు. మొహంలో నవ్వు లేదు. "అడిగినన్నాళ్ళూ నేను బాగుంటానని నీకు ఆశ ఉన్నట్టు. అడగవే."

సంచి కింద పెట్టాను.

"ఊదు" అన్నాను.

వంగి "హా" అని ఊదాడు. పెట్రోలు, ఉల్లిపాయ, చెక్కపొట్టు. కాపలావాడు పళ్ళికిలిస్తూనే ఉన్నాడు.

"సరిగ్గా తెలీలేదు" అన్నాను. "ఇంకోసారి ఊదు."